ఆయన వద్దన్నది గురువారం, నాకు తెలిసింది శనివారం: ఒక బేరంలో నా అనుభవం

పాత ఆఫ్‌సెట్ ప్రింటింగ్ మెషిన్ కొనబోయి కాంట్రాక్టు చట్టంలో నాలుగు సెక్షన్లు దాదాపు కంఠతా పట్టాల్సి వచ్చింది నాకు. మూడు నుంచి ఆరు దాకా. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో అన్నీ కలిపినా ఇవి చాలా చిన్నవి. ఒకరు 'ఇస్తాను' అంటారు, ఇంకొకరు 'తీసుకుంటాను' అంటారు, ఈలోపు ఎవరో ఒకరు 'అబ్బే, వద్దులెండి' అంటారు. ఈ మూడు మాటలూ చట్టం లెక్కలో ఎప్పుడు చెప్పినట్టు, ఎప్పుడు విన్నట్టు అన్నదే వాటిలో ఉన్న విషయమంతా. ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకునేవాళ్ళకి ఇది పనిలేని చర్చలా కనిపిస్తుంది. మధ్యలో పోస్టాఫీసో, ఈమెయిలో, బ్రోకరో ఉన్నప్పుడే దీని పస తెలుస్తుంది.

సంగతి ఇది. ప్రెస్సు మూసేస్తున్న ఒక పెద్దాయన తన మెషిన్ అమ్ముతున్నారని బ్రోకర్ చెప్పాడు. తమ్ముడూ నేనూ వెళ్ళి చూశాం, మెకానిక్ చేత నడిపించాం, నచ్చింది. బేరమాడాం గానీ తేల్చలేదు. ఆయన పాతకాలం మనిషి. నాలుగు రోజులు ఆలోచించుకుని లెటర్‌హెడ్ మీద రాసి స్పీడ్ పోస్టులో పంపారు. మెషిన్ వివరాలు, ధర, విప్పి లారీకెక్కించే ఖర్చు ఎవరిది, అన్నీ ఉన్నాయి. నెలాఖరు దాకా ఈ ధరకే ఇస్తానని, సమ్మతమైతే రాతపూర్వకంగా జవాబు పంపమని కూడా ఉంది. అంత స్పష్టంగా రాసే మనుషులు మా వ్యాపారంలో తక్కువ. ఆ స్పష్టతే తర్వాత మాకు అక్కరకొచ్చింది.

ఉత్తరం అందాక నేను ఫోన్ చేసి ఒక్క మాట అడిగాను: "సార్, డబ్బు రెండు విడతల్లో ఇస్తే మీకేమన్నా ఇబ్బందా?" "అది కుదరదు బాబూ, ఒకేసారి కావాలి" అన్నారు. సరేనన్నాను. ఈ ఫోన్ కాల్ గుర్తుంచుకోండి, తర్వాత దీనిమీదే సగం గొడవ నడిచింది.

ఆ వారం జరిగింది జరిగినట్టు చెబుతాను. గురువారం ఆయన ఇంకొకరికి మెషిన్ అమ్మేసి, 'నా ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాను' అని నాకు ఉత్తరం రాసి స్పీడ్ పోస్టు చేశారు. నాకా సంగతి తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం 'మీ షరతులన్నీ సమ్మతమే, మెషిన్ తీసుకుంటున్నాం' అని నేను ఉత్తరం రాసి స్పీడ్ పోస్టు చేశాను. సాయంత్రం దాని స్కాన్ కాపీ ఆయన లెటర్‌హెడ్ మీదున్న ఈమెయిల్‌కి పంపాను. శనివారం పొద్దున ఆయన ఉత్తరం నా చేతికొచ్చింది. సోమవారం నా ఉత్తరం ఆయనకి చేరింది.

శనివారమే ఫోన్ చేశాను. ఆయన ధోరణిలో తప్పు చేసినట్టేమీ లేదు. "నేను గురువారమే రాసేశాను కదా బాబూ. మీరు శుక్రవారం రాస్తే ఎలా చెల్లుతుంది? ముందు రాసినవాడిదే మాట." వినడానికి న్యాయంగానే ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరైనా అదే అంటారు. ఆ సాయంత్రం మాకు తెలిసిన లాయర్ గారి దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ ముందుగా అడిగింది ఎవరు ఎప్పుడు రాశారని కాదు. ఏ ఉత్తరం ఎప్పుడు చేతులు దాటింది, ఎప్పుడు ఎవరికి తెలిసింది అని అడిగారు. తెల్లకాగితం మీద నిలువు గీత గీసి, ఒకవైపు 'పంపింది', ఇంకోవైపు 'తెలిసింది' అని రాశారు. ఆయన ఉపసంహరణ మొదటి గడిలో గురువారం, రెండో గడిలో శనివారం. నా అంగీకారం మొదటి గడిలో శుక్రవారం, రెండో గడిలో ఇంకా ఖాళీ. "ఆయన గురువారం రాశానంటున్నారు. ఒప్పుకుందాం. కానీ మీకు తెలిసింది శనివారం. ఆ మధ్యలో శుక్రవారం ఉంది" అన్నారు.

సెక్షన్ నాలుగు చెప్పేది ఇదే. ప్రతిపాదన ఎదుటివాడికి తెలిసినప్పుడే అది చేసినట్టు. ఉపసంహరణకైతే రెండు ఘడియలు: వెనక్కి తీసుకున్నవాడి వరకు, ఆ ఉత్తరం అతని చేయి దాటి దారిలో పడ్డప్పుడు. ఎదుటివాడి వరకు, అది అతనికి తెలిసినప్పుడు. నన్ను కట్టడి చేయాలంటే నాకు తెలియాలి. శనివారం దాకా నా దృష్టిలో ఆ ఆఫర్ బతికే ఉంది, చట్టం దృష్టిలోనూ బతికే ఉంది.

దీనికి ఆవిడ చెప్పిన పాత కేసు ఒకటి నాకు బాగా పట్టింది. 1880లో ఇంగ్లండ్‌లో తేలిన బర్న్ వర్సెస్ వాన్ టైన్‌హోవెన్. కార్డిఫ్‌లోని వ్యాపారులు అక్టోబర్ 1న న్యూయార్క్‌లోని వాళ్ళకి వెయ్యి పెట్టెల తగరపు రేకులు ఇస్తామని ఉత్తరం రాశారు. 8న మనసు మార్చుకుని, వద్దంటూ ఇంకో ఉత్తరం వేశారు. మొదటిది 11న చేరింది. న్యూయార్క్ వాళ్ళు ఆ రోజే టెలిగ్రాం కొట్టి ఒప్పుకున్నారు. వద్దన్న ఉత్తరం 20న గానీ వాళ్ళకి చేరలేదు. ఒప్పందం 11నే అయిపోయిందని, 20న చేరిన ఉపసంహరణ చెల్లదని కోర్టు చెప్పింది. ఉత్తరాలు ఓడల్లో వెళ్ళిన కాలం. మా కేసులో స్పీడ్ పోస్టు, మిగతాదంతా అదే.

ఇక్కడ నాకొక విషయం వింతగా అనిపించింది. ఆయన జేబులో ఫోనుంది, నా నంబరుంది. గురువారం నాడే 'బాబూ, మెషిన్ ఇచ్చేశాను, ఏమనుకోకు' అని చెప్పి ఉంటే నేను నోరెత్తడానికి లేదు. ఒప్పుకోలు ఉత్తరంలో అడిగారు కాబట్టి వెనక్కి తీసుకోవడం కూడా ఉత్తరంలోనే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ మూడు ఇంకా వదులుగా ఉంది: తెలియజేయాలన్న ఉద్దేశంతో చేసిన పనైనా, తెలియజేసే ఫలితం ఉన్న పనైనా చాలు. పద్ధతిగా ఉండాలన్న పట్టింపుతో ఆయన అన్నిటికన్నా నెమ్మదైన దారి ఎంచుకున్నారు.

నా అంగీకారం సంగతికొస్తే, చట్టం దానికీ రెండు ఘడియలు పెట్టింది, కాకపోతే వరస తిరగబడుతుంది. ఆఫర్ ఇచ్చినవాడి వరకు, నా ఉత్తరం నా చేయి దాటగానే అంగీకారం పూర్తి. నా వరకు మాత్రం, అది ఆయనకి తెలిసినప్పుడే పూర్తి. సెక్షన్ ఐదు దీన్ని పట్టుకునే నడుస్తుంది. తన వరకు అంగీకారం పూర్తి కానంతవరకే ఆయన ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. నా వరకు పూర్తి కానంతవరకు నేను అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అంటే శుక్రవారం మధ్యాహ్నం కౌంటర్లో అమ్మాయి రసీదు చింపి ఇచ్చిన క్షణం నుంచి ఆయన కట్టుబడిపోయారు, నేను ఇంకా స్వేచ్ఛగానే ఉన్నాను.

పోస్టులో పడగానే అంగీకారం అన్న సూత్రానికి మూలం 1818 నాటి ఆడమ్స్ వర్సెస్ లిండ్సెల్ కేసు. ఉన్ని అమ్ముతామని రాసిన ఉత్తరం మీద అమ్మేవాళ్ళే చిరునామా తప్పు రాశారు. ఉత్తరం తిరిగి తిరిగి ఆలస్యంగా చేరింది. కొనేవాళ్ళు వెంటనే జవాబు వేశారు, ఈలోపు అమ్మేవాళ్ళు ఉన్ని ఇంకొకరికి అమ్మేశారు. అంగీకారం పోస్టు చేసినప్పుడే ఒప్పందం అయిందన్నారు జడ్జీలు. లేకపోతే 'నీ అంగీకారం నాకు అందిందని నువ్వు తెలుసుకున్నావని నేను తెలుసుకోవాలి' అంటూ ఉత్తరాలు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయన్నది వాళ్ళ వాదం. తర్వాత 1879లో హౌస్‌హోల్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ వర్సెస్ గ్రాంట్ కేసులో ఇంకా దూరం వెళ్ళారు. వాటాలు కేటాయించామన్న ఉత్తరం గ్రాంట్‌కి అసలు చేరనే లేదు. అయినా అతను వాటాదారేనన్నారు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పోస్టులో పోయిన ఉత్తరం బరువు ఆఫర్ ఇచ్చినవాడి నెత్తిన వేయడం ఏం న్యాయం? లాయర్ గారి జవాబు సూటిగా ఉంది: "జవాబు నా చేతికి చేరాకే ఒప్పందం అని ఆఫర్లోనే రాసుకోవచ్చు కదండీ. రాసుకోనిది ఎవరు?" 1974 నాటి హోల్వెల్ సెక్యూరిటీస్ కేసులో సరిగ్గా అదే జరిగింది. రాతపూర్వక నోటీసు అమ్మకందారుకే అందాలన్న షరతు ఉండడంతో, పోస్టులో పోయిన ఉత్తరం అక్కరకు రాలేదు. మా పెద్దాయన ఉత్తరంలో జవాబు పంపమని మాత్రమే ఉంది.

ఇంత చెప్పి ఆవిడ నా రసీదు తీసుకుని దాని మీద చిరునామా, పిన్‌కోడ్ ఆయన లెటర్‌హెడ్‌తో పోల్చి చూశారు. జవాబు పంపినవాడే చిరునామా తప్పు రాస్తే ఈ సూత్రం కాపాడదట. పిన్‌కోడ్ సరిగ్గానే ఉంది.

అప్పుడు ఆవిడ అడిగారు: "ఇంకా ఆదివారం ఉంది. మీకు నిజంగా ఆ మెషిన్ కావాలా?"

ఈ ప్రశ్న ఎందుకంటే, నా ఉత్తరం ఆయనకి ఇంకా చేరలేదు. సోమవారం అది ఆయన చేతిలో పడేలోపు నేను ఫోన్ చేసి 'నా అంగీకారం వెనక్కి తీసుకుంటున్నాను' అంటే మొత్తం వ్యవహారం అక్కడితో సరి. ఇంగ్లండ్‌లో ఉత్తరం పోస్టు చేయగానే ఇద్దరూ ఒకేసారి ఇరుక్కుంటారన్నది చెలామణిలో ఉన్న సూత్రం. మన చట్టం రాసినవాళ్ళు ఆ క్షణాన్ని రెండుగా చీల్చి, ఒప్పుకున్నవాడికి ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఆ శనివారం రాత్రి, ఆదివారం, నాకు ఆ కిటికీ తెరిచే ఉంది. ఆ వారమే ఇంకో ఊళ్ళో ఇంకో మెషిన్ ఉందని తమ్ముడు కబురు తెచ్చాడు. ధర కాస్త ఎక్కువ, వయసు తక్కువ. ఆయన తప్పించుకోలేడు, నేను తప్పించుకోగలను. ఇలాంటి వెసులుబాటు చేతిలో ఉంటే మనిషికి కొంచెం గర్వమే వస్తుంది. మరి కొంచెం సిగ్గు కూడా. ఆఫర్ ఇచ్చింది ఆయన, మాట నిలబెట్టుకోవాల్సింది ఆయన, ఆగి చూసే హక్కు నాకా?

కాసేపటికి నాకు తోచింది ఏమిటంటే, ఆ కిటికీ వల్ల ఆయనకి పెద్దగా పోయేదేమీ లేదు. తెలియని అంగీకారాన్ని నమ్ముకుని ఆయన ఏ పనీ చేసి ఉండరు కదా. నేనైతే ఉత్తరం వేసిన క్షణం నుంచే మెషిన్ వస్తుందని షెడ్డులో జాగా చేయించడం మొదలెట్టగలను. ఎవరు దేన్ని నమ్ముకుని కదులుతారో వాళ్ళనే చట్టం చూస్తోందనుకుంటే ఈ చీలిక అర్థవంతంగానే ఉంది. అయినా లాయర్ గారి ముందు ఈ సిద్ధాంతం విప్పలేదు.

తీరా చూస్తే ఆ కిటికీ నేననుకున్నంత బార్లా తెరిచి లేదు. శుక్రవారం సాయంత్రం పంపిన ఈమెయిల్ దానికి కారణం. 2000 నాటి ఐటీ చట్టంలో పదమూడో సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సందేశం పంపినవాడి అదుపు దాటి బయటి కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్ళినప్పుడు పంపినట్టు. అందుకునేవాడు ఫలానా చిరునామాకి పంపమని సూచించి ఉంటే, అందులోకి ప్రవేశించినప్పుడే అందినట్టు. లెటర్‌హెడ్ మీద ఈమెయిల్ అచ్చేయించుకోవడం అలా సూచించడమేనా అన్నది ఒక వాదన. అందడం, తెలియడం ఒకటేనా అన్నది ఇంకో వాదన. ఐటీ చట్టం అందడం గురించి మాట్లాడుతుంది, కాంట్రాక్టు చట్టం తెలియడం గురించి. ఆయన ఈమెయిల్ చూసేది ఆయన మేనల్లుడు, అదీ సోమవారాలు. "మీ మెయిల్ శుక్రవారమే ఆయనకి తెలిసినట్టని ఎవరైనా వాదిస్తే ఆ ఆదివారం మీకూ లేదు" అన్నారు లాయర్ గారు. గట్టిగా ఉండాలని రెండు దారుల్లో పంపితే, ఆయన్ని కట్టిన తాడుకే నా కాలూ కట్టుకున్నట్టయింది. సరే, నాకు మెషినే కావాలి, కాబట్టి ఆ చిక్కుముడి విప్పే అవసరం పడలేదు.

ఫోన్, టెలెక్స్ (ఇక్కడ టైపు చేస్తే అక్కడ అచ్చయ్యే పాత యంత్రం) లాంటి తక్షణ సాధనాలకి పోస్టు సూత్రం వర్తించదని 1955లో ఎంటోరెస్ కేసులో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా కేసులో అదే దారి పట్టింది. తీర్పు 1966 నాటి ఏఐఆర్‌లో, అంటే ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంపుటిలో, ఉంది. అహ్మదాబాద్ వ్యాపారులు ఫోన్‌లో పత్తి చెక్క అడిగారు, ఖామ్‌గావ్ వ్యాపారులు ఫోన్‌లోనే ఒప్పుకున్నారు. ఒప్పందం ఎక్కడ జరిగినట్టు? అంగీకారం వినిపించిన చోట, అంటే అహ్మదాబాద్‌లో, అన్నారు ఎక్కువమంది జడ్జీలు. జస్టిస్ హిదాయతుల్లా ఒప్పుకోలేదు. సెక్షన్ నాలుగులో మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చదివితే, పలికిన చోటే ఒప్పందం అవుతుందని ఆయన వాదన. నాకు ఆయన వాదనే నచ్చింది, చెల్లేది మాత్రం మిగతావాళ్ళది. ఇది పండితుల ముచ్చట అనుకోకండి. ఒప్పందం ఎక్కడ జరిగిందో తేలితే దావా ఏ ఊరి కోర్టులో వేయాలో తేలుతుంది. ఉత్తరంతో అయితే నేను పోస్టు చేసిన మా ఊళ్ళో, ఈమెయిల్‌తో అయితే ఆయన ఊళ్ళో అన్న వాదన వచ్చింది కూడా.

ఒక పిట్టకథ. సెక్షన్ నాలుగు కింద ఉదాహరణల్లో ఆఫర్ వెనక్కి తీసుకునేవాడు టెలిగ్రాం కొడతాడు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. చట్టంలో మాత్రం ఆ టెలిగ్రాం ఇంకా ప్రయాణంలోనే ఉంది. తమ్ముడు దీన్ని పట్టుకుని "మేడమ్, వాట్సాప్‌లో ఒప్పుకుని, నీలం టిక్కులు పడకముందే అందరికీ డిలీట్ కొట్టేస్తే?" అని అడిగాడు. ఆవిడ నవ్వి, "సెక్షన్ ఐదు ప్రకారం వెనక్కి తీసుకున్నట్టేనని గట్టిగా వాదించొచ్చు. నోటిఫికేషన్‌లో చదివేశానని ఎదుటివాడంటే మాత్రం మీ డిలీట్ దేనికీ పనికిరాదు. ఆ ప్రశ్న తేల్చే కేసు మీది కాకుండా చూసుకోండి" అన్నారు.

సోమవారం దాటాక లీగల్ నోటీసు పంపాం. కొన్నాళ్ళకి వాళ్ళ లాయరు నుంచి జవాబు నోటీసు వచ్చింది. గురువారం రాసిన ఉత్తరమే ముందన్న మాట అందులో ఉంటుందని తెలుసు, ఉంది. దాంతోపాటు ఇంకో రెండు ఉన్నాయి, అవి తెలివైనవి.

మొదటిది నా ఫోన్ కాల్. రెండు విడతల్లో ఇస్తానని అడగడం ఎదురు ఆఫరని, ఎదురు ఆఫర్‌తో అసలు ఆఫర్ చచ్చిపోయిందని, చచ్చిన ఆఫర్‌ని నేను శుక్రవారం ఒప్పుకున్నానని వాళ్ళ వాదన. దీనికి ఆధారం 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్. పొలం వెయ్యి పౌన్లకి ఇస్తానంటే కొనేవాడు 950 అన్నాడు. అమ్మేవాడు కాదన్నాక 'సరే, వెయ్యికే తీసుకుంటా' అన్నాడు. కుదరదంది కోర్టు. నేనూ అలాగే చేశానా? కాదని చెప్పడానికి మా లాయర్ గారు 1880 నాటి స్టీవెన్సన్ వర్సెస్ మెక్‌లీన్ చూపించారు. ఇనుము బేరంలో కొనేవాళ్ళు, సరుకు రెండు నెలల్లో విడతలుగా ఇవ్వడం కుదురుతుందా అని టెలిగ్రాంలో అడిగారు. అది అడగడమే గానీ ఆఫర్‌ని తిరగ్గొట్టడం కాదంది కోర్టు. ఆ కేసులో కూడా అమ్మేవాడి ఉపసంహరణ టెలిగ్రాం, కొనేవాళ్ళ అంగీకారం టెలిగ్రాం దారిలో దాటుకున్నాయి. మా కథ నూట నలభై ఏళ్ళ కింద ఎవరో ముందే నడిపి పెట్టినట్టుంది. 'ఇబ్బందా' అని అడిగాను తప్ప 'అలాగైతేనే తీసుకుంటా' అనలేదు. ఆయన కాదనగానే సరేనన్నాను. ఆ ఫోన్ తర్వాత ఆయనే బ్రోకర్‌తో 'వాళ్ళు నెలాఖరులోపు చెబుతారు' అన్నారు, అంటే ఆయన దృష్టిలోనూ ఆఫర్ చావలేదు.

రెండోది ఆ బ్రోకర్ గురించే. శుక్రవారం పొద్దున అతను నాకు ఫోన్ చేసి, వేరే ఊరి పార్టీ మెషిన్ చూసి వెళ్ళిందని, మాటలు నడుస్తున్నాయని చెప్పిన మాట నిజం. కాబట్టి ఆఫర్ పోయిందని నాకు ముందే తెలుసన్నారు. ఇంగ్లండ్‌లో 1876 నాటి డికిన్సన్ వర్సెస్ డాడ్స్ వాళ్ళకి దన్ను. ఇల్లు శుక్రవారం ఉదయం తొమ్మిదింటి దాకా నీకే అన్న డాడ్స్, గురువారమే ఇంకొకరికి అమ్మాడు. ఆ సంగతి డికిన్సన్‌కి మూడో మనిషి ద్వారా తెలిసింది. అలా తెలిసినా చాలు, ఇక ఒప్పుకోవడానికి లేదంది కోర్టు. మా లాయర్ గారు దీన్ని రెండు వైపుల నుంచి కొట్టారు. ఒకటి, మాటలు నడుస్తున్నాయంటే అమ్మేశారని కాదు. రెండు, మన సెక్షన్ ఆరు ప్రకారం ఉపసంహరణ నోటీసు ప్రతిపాదించినవాడి నుంచి ఎదుటివాడికి వెళ్ళాలి. ఊళ్ళో వినపడ్డ మాట నోటీసు కాదు. నిజం చెప్పాలంటే, ఆ ఫోన్ వచ్చాకే నేను త్వరపడి పోస్టాఫీసుకి పరుగెత్తాను. మాటలు నడుస్తున్నాయంటే ఇంకా తెగలేదనే కదా నేను అర్థం చేసుకున్నది. అందులో దాచాల్సిందేమీ లేదని ఆవిడా అన్నారు.

మా వాదనల్లో ఒకదాన్ని మాత్రం ఆవిడ మొదట్లోనే తీసి పక్కన పెట్టారు. 'నెలాఖరు దాకా' అని ఆయన సంతకం పెట్టి రాశారు కదా, అసలు మధ్యలో వెనక్కి తీసుకునే హక్కే లేదు కదా అన్నది తమ్ముడి పట్టు. అన్నిటికన్నా బలమైనది అదేనని మేమనుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు. గడువు దాకా ఆఫర్ తెరిచి ఉంచుతానన్న మాటకి విడిగా ప్రతిఫలం ఏదీ లేకపోతే ఆ మాట ఆయన్ని కట్టదు. 1828లోనే రౌట్లెడ్జ్ వర్సెస్ గ్రాంట్‌లో ఆరు వారాల గడువిచ్చి మధ్యలో వెనక్కి తీసుకోవడం చెల్లింది. గడువు దాటితే ఆఫర్ దానంతట అదే పోతుంది, అంతవరకే దాని పని. జర్మనీలో అయితే ఇచ్చిన ఆఫర్‌కి ఇచ్చినవాడు కట్టుబడే ఉండాలట, వేరుగా రాసుకుంటే తప్ప. నా మనసుకి ఆ జర్మన్ పద్ధతే సబబుగా తోస్తుంది. తమ్ముడు వదల్లేదు: "మరి టెండర్లో రేటు వెనక్కి తీసుకుంటే మన ఈఎండీ, అదే టెండరుతో కట్టే డిపాజిట్, ఎందుకు కొట్టేస్తారు?" అచ్చుపని టెండర్లు వేసేవాళ్ళకి తెలిసిన బాధే. సుప్రీంకోర్టు 2003లో జాతీయ రహదారుల సంస్థ వర్సెస్ గంగా ఎంటర్‌ప్రైజెస్ కేసులో దీన్ని విడదీసి చెప్పిందట. బిడ్ వెనక్కి తీసుకోవడం వేరు, వెనక్కి తీసుకుంటే డిపాజిట్ పోతుందని ఒప్పుకుని కట్టడం వేరు. మొదటిది చేసే స్వేచ్ఛ ఉన్నా రెండోదాని దెబ్బ తప్పదు.

సెక్షన్ ఆరులో మిగిలినవి మాకు తగల్లేదు. గడువు లేని ఆఫర్ సమంజసమైన కాలం గడిస్తే పోతుంది. ముందు నెరవేర్చాల్సిన షరతు నెరవేర్చకపోతే పోతుంది. ఇచ్చినవాడు చనిపోయినా, మతి చలించినా, ఆ సంగతి ఒప్పుకునేలోపు ఎదుటివాడికి తెలిస్తే పోతుంది. చావుకి కూడా 'తెలియడం' అన్న షరతు పెట్టారు చూడండి.

వాదనలు ఎన్ని ఉన్నా అసలు పని కాగితాలు పోగేయడంలోనే పట్టింది. నా పోస్టు రసీదు మీద సమయం స్పష్టంగా ఉంది. కానీ అది త్వరగా వెలిసిపోయే కాగితం, అందుకని మొదటిరోజే ఫొటో తీయించి కాపీలు చేయించారు ఆవిడ. ఆయన ఉత్తరం వచ్చిన కవరు నేను చించి పక్కన పడేస్తే, తమ్ముడు తీసి దాచాడు. ఉత్తరం మీద గురువారం తేదీ ఆయన వేసుకున్నది. కవరు మీద బార్‌కోడ్ నంబరుతో ట్రాకింగ్ తీస్తే బుకింగ్, బట్వాడా రెండూ బయటపడ్డాయి. ఆ ట్రాకింగ్ వివరాలు నెట్‌లో కొన్నాళ్ళే కనిపిస్తాయి, వెంటనే ప్రింటు తీసుకోవాల్సిందే. ఈమెయిల్‌కి స్క్రీన్‌షాట్ సరిపోదని, పూర్తి హెడర్లతో దాచమని చెప్పారు. బ్రోకర్ కాల్ శుక్రవారం ఎన్నింటికి వచ్చిందో కాల్ లాగ్‌లో ఉంది. ఉత్తరాల్లో ఏం రాశామన్నదాని కంటే ఆ కవరు, ఆ రసీదు మీదే మాట్లాడుకున్నది ఎక్కువ.

కోర్టుదాకా వెళ్ళలేదు. మెషిన్ అప్పటికే వేరే షెడ్డులో బిగించేశారు కాబట్టి అది తిరిగి రాదని మాకూ తెలుసు. మిగిలింది నష్టపరిహారం, సెక్షన్ డెబ్బై మూడు. అలాంటి మెషిన్ ఇప్పుడు కొనాలంటే ఎంతవుతుంది, ఒప్పుకున్న ధర ఎంత, ఆ తేడా. వచ్చే సీజన్ ఆర్డర్ల మీద లాభం కూడా అడుగుదామన్న తమ్ముడి లెక్కని ఆవిడ కొట్టేశారు. ఇరువైపుల లాయర్ల సమక్షంలో కూర్చున్నప్పుడు పెద్దాయన అన్నారు: "చట్టం నాకు తెలియదు బాబూ. సంతకం పెట్టినప్పుడే నా మనసులో ఆ ఆఫర్ అయిపోయింది." ఆయన అబద్ధం చెప్పడం లేదు. మనసులో అయిపోయింది నాకెలా తెలుస్తుందన్నదే తగాదా అంతా. తేడా మొత్తం కాకపోయినా చాలావరకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మా తరఫున వెళ్ళిన రాజీ ప్రతిపాదనలో లాయర్ గారు రాసిన షరతు చూసి నాకు నవ్వొచ్చింది: అంగీకారం ఫలానా తేదీ సాయంత్రం ఐదింటిలోపు మా కార్యాలయానికి అందాలి, అందకపోతే ఈ ప్రతిపాదన రద్దయినట్టే, మాకు అందేవరకు ఒప్పందం ఏర్పడదు. పోస్టు సూత్రం మా మీద పనిచేయకుండా ముందే తలుపు వేశారన్నమాట.

ఆ డబ్బుకి కొంత కలిపి తమ్ముడు చూసిన ఆ రెండో మెషిన్ కొన్నాం. మెకానిక్ వచ్చి చూసేదాకా మాకోసం ఆపమని అడిగినప్పుడు, ఊరికే కాదని, ఆపినందుకు కొంత డబ్బు విడిగా ఇస్తామని, మెషిన్ తీసుకోకపోతే అది తిరిగి అడగమని చెప్పాను. ఆ అమ్మేవాయన ఆశ్చర్యపోయి, "అదెందుకండీ, నా మాట చాలదా?" అన్నారు. చాలుతుందనే చెప్పాను. డబ్బు మాత్రం ఇచ్చి రసీదు రాయించుకున్నాను. గడువు తేదీ పక్కన ఎన్ని గంటల వరకో కూడా వేయించాను.